మోతి తిన్న ద్రాక్షపళ్ళు

ఆ రోజుల్లో కుక్కకి ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు అని ఎవరూ ఆలోచించేవారు కాదు. మనం తినగా మిగిలింది కుక్క తినేది, కుక్క వదిలేసింది కాకులు తినేవి. ఇప్పుడు మా అమ్మాయి ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక జాబితా అంటించి ఉంది. చాక్లెట్టు, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎండుద్రాక్ష, ద్రాక్ష, ఇలా ఆవిడగారి కుక్కకి పెట్టకూడనివన్నీ అందులో ఉన్నాయి. (నాకు పెట్టకూడనివి దాని కిందే ఇంకో కాగితం మీద ఉన్నాయి. ఆ కాగితం కొంచెం పొడుగు.) మొదటిసారి దాన్ని చదువుతూ ద్రాక్ష దగ్గర ఆగిపోయి, కుర్చీ లాక్కుని కూలబడ్డాను. "ఏమైంది నాన్నా?" అంది అమ్మాయి. ఏం చెప్పను? నలభై ఏళ్ళ నాటి సంగతి. చెప్పడానికి కూడా ఓపిక కావాలి.

అప్పుడు నేను కోఠీలో ఒక ఆఫీసులో టైపిస్టుని. బందరు నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఎల్బీనగర్‌లో ఒక పటేల్ గారింట్లో వెనక గది కిరాయికి తీసుకున్నాను. సాయంత్రం కోఠీ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఒక బస్సులో వేలాడటం, అక్కడ దిగి ఎల్బీనగర్ బస్సు కోసం ఎదురుచూడటం, చూసి చూసి విసిగి నడక మొదలుపెట్టడం నా దినచర్య. సగం దూరం నడిచాక ఆ బస్సు ఖాళీగా నన్ను దాటుకుంటూ పోయేది. ఇల్లు చేరేసరికి ఒంట్లో సత్తువ ఉండేది కాదు. ఉన్న కాస్తా గేటు దగ్గర పటేల్ గారి కుక్క మోతి తీసేసేది. అది కిరాయిదార్లని మనుషుల్లో లెక్కవేసేది కాదు. రోజూ అదే వేళకి, అదే చొక్కాతో వచ్చే నన్ను చూసి, ఇల్లు దోచుకోవడానికి వచ్చినట్టు మీదికి దూకేది.

పటేల్ గారికి ఇంటి వెనక ద్రాక్షతోట ఉండేది. చుట్టూ కాలనీలు లేస్తున్నాయి. తోటలో సగం అప్పటికే ప్లాట్లయిపోయి, సున్నం పూసిన హద్దురాళ్ళతో నిలబడి ఉంది. మిగిలిన సగం కూడా ఎండాకాలం దాటితే ప్లాట్లే. ఎటూ పోయే తోట కదా అని ఆ ఏడు దాన్ని గుత్తకు తీసుకోవడానికి ఏ వ్యాపారీ రాలేదు. తోటకి మాత్రం ఈ సంగతులేవీ తెలియవు గనక విరగకాసింది. పళ్ళు పారబొయ్యడం పటేల్ గారికి చేతకాలేదు. పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని, మా నాలుగు గదుల గడపల ముందూ గుత్తులు పెట్టిపోయేవారు. "తిను సారూ. గిదే ఆఖరి కాపు. గిసొంటి పండు మల్ల నీకు యాడ దొరకది."

మొదటి వారం కళ్ళకద్దుకుని తిన్నాను. రెండో వారం వాటితో పచ్చడి చేశాను. (మీరెవరూ ఆ ప్రయత్నం చెయ్యకండి.) మూడో వారానికి గుత్తిని చూస్తేనే నోరు పులిసిపోయేది. వద్దంటే ఆయన మొహం చిన్నబోతుంది. పారేద్దామంటే, ఆయన భార్య (అందరం పెద్దమ్మ అనేవాళ్ళం) కంట్లో పడకుండా ఆ ఇంట్లో చీపురుపుల్ల కూడా కదలదు. అలాంటి ఒక సాయంత్రం గేటు తీస్తుంటే మోతి మీదికి వచ్చింది. ఆఫీసుకి పట్టుకెళ్ళి తినకుండా వెనక్కి తెచ్చిన గుత్తి నా సంచిలో ఉంది. భయపడే ఓపిక కూడా లేక ఒక పండు దాని మీదికి విసిరాను. అది గాల్లోనే అందుకుని, నమిలి, ఇంకోటి ఏదీ అన్నట్టు చూసింది. నా రెండు కష్టాలూ ఒక్క దెబ్బకి తీరాయి. ఆ తర్వాత వారం రోజులు మోతి నా కోసం తోక ఊపుతూ గేటు దగ్గర కాచుకుని ఉండేది. నిజం చెప్పొద్దూ, ఆ ఊళ్ళో నా రాక కోసం ఎదురుచూసిన మొదటి ప్రాణి అదే.

శనివారం సాయంత్రం, పోనీలే పాపం అని రెండు గుత్తులు పెట్టాను. ఆదివారం పొద్దున మోతి లేవలేదు. వాంతులు చేసుకుని, బావి పక్కన తల వాల్చేసి పడుకుంది. పెద్దమ్మ దాని ఒళ్ళు నిమురుతూ కళ్ళొత్తుకుంటోంది. పశువుల డాక్టరు స్కూటర్ మీద వచ్చి, సెలైన్ ఎక్కించి, "ఏదో ఇసం కడుపులకు పోయినట్టుంది పటేలా" అన్నాడు. ఆ ఒక్క మాట చాలింది. హద్దురాళ్ళ విషయంలో పటేల్ గారికీ, ఆయన చిన్నాన్న కొడుక్కీ అప్పటికి ఆర్నెల్లుగా మాటల్లేవు. "గాడే పెట్టిండు! రాయి జరిపితే మోతి మొరుగుతదని పెట్టిండు!" అంటూ పటేల్ గారు గోడకి ఆనించి ఉన్న కట్టె అందుకున్నారు.

ఆ చిన్నాన్న కొడుకు మొహం నేనెప్పుడూ సరిగ్గా చూసింది లేదు. అయినా నేను పెట్టిన గుత్తులకి ఆయన తల పగలడం ఏం న్యాయం? "పటేల్ గారూ, మోతికి నేనే పెట్టానండీ... ద్రాక్షపళ్ళు" అన్నాను.

డాక్టరు నవ్వాడు. "ద్రాక్షపండ్లా? దవాఖానల పేషెంట్లకు పట్టుకపోయి ఇచ్చేదే గవి గదనయ్యా!"

పటేల్ గారు నవ్వలేదు. "నా పండు తింటే రోగమొస్తదా సారూ? ముప్పై ఏండ్ల సంది గా పండు మీదనే బతికినం." కట్టె గోడకి ఆనించి లోపలికి వెళ్ళి, గంప తెచ్చి నా ముందు పెట్టారు. "తిను. నా ముంగట తిను. నీకేం గాకపోతే మోతికి గూడ పండుతోని కాలేదన్నట్టు. గప్పుడు గాడి ఇంటికి పోత."

మనిషికి పడింది కుక్కకీ పడుతుందని ఆ వాకిట్లో డాక్టరుతో సహా అందరి నమ్మకం. నాదీ అదే. ఇంకా కాఫీ చుక్క కూడా పడని కడుపుతో అరుగు మీద కూర్చుని తినడం మొదలుపెట్టాను. తక్కిన కిరాయిదార్లంతా చుట్టూ నిలబడ్డారు. (వాళ్ళ మొహాల్లో జాలి కన్నా, ఇవాళ్టికి మా వంతు తప్పిందన్న సంతోషమే ఎక్కువ కనిపించింది.) ఒక గుత్తి అయింది. "ఎట్లుంది సారూ?" అన్నారు పటేల్ గారు. "బాగానే ఉందండీ" అన్నాను. ఆయన కట్టె వైపు చూశారు. రెండో గుత్తి అయింది. "ఎట్లుంది?" మళ్ళీ కట్టె వైపు చూశారు. అప్పటికి గానీ నా మట్టిబుర్రకి తట్టలేదు, నేను బాగుంటే ఆ చిన్నాన్న కొడుక్కి మూడినట్టేనని. మూడో గుత్తి మధ్యలో కడుపు పట్టుకుని లేచి, బావి గోడ వెనక్కి పరిగెత్తి, గొంతులోకి వేలు పోనిచ్చాను. (వేలు సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.)

మూతి తుడుచుకుంటూ తిరిగి వచ్చేసరికి కట్టె గోడకే ఆని ఉంది. నేను గెలిచాననుకున్నాను. పటేల్ గారు గంప ముందు గొంతుక్కూర్చుని, ఒక పండుని వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నారు. "పండు ఇసమైంది" అన్నారు మెల్లగా. "అమ్ముకుంటున్ననని తోటకు ఎర్కైంది. అందుకే ఇసమైంది."

"ఊకోండ్రి, తోటకేం ఎర్కైతది" అంది పెద్దమ్మ. ఆయన వినలేదు.

ఆ సాయంత్రమే కోసిన పళ్ళన్నీ గోతిలో పోయించి మట్టి కప్పించారు. మర్నాటి నుంచి మా గడపల ముందు గుత్తులు లేవు. నాలుగు రోజులకి మోతి లేచి నిలబడి, నన్ను చూసి నీరసంగా మొరిగింది. ఆ అరుపు విని నాకు ఏడుపొచ్చినంత పనైంది. పటేల్ గారు మాత్రం మళ్ళీ తోటలో అడుగుపెట్టలేదు. ఉన్న కాపు ఉన్నట్టుగానే పందిళ్ళు పీకించేశారు. రోజూ వేలు సంగతి నా నోటి దాకా వచ్చేది. చెబితే కట్టె మళ్ళీ లేస్తుందని మింగేసేవాణ్ణి. రెండు నెలలకి, ఆఫీసుకి దగ్గరని చెప్పి గది మారిపోయాను. నిజానికి ఆయన మొహం చూడలేకపోయాను.

ఫ్రిజ్ మీది కాగితంలో ద్రాక్ష అని మాత్రమే ఉంది. ఏ తోటదైనా, ఎవరు పెట్టినా, కుక్కకి పడదట. ఈ ఒక్క ముక్క ఆ రోజు ఆ వాకిట్లో ఎవరికైనా తెలిసి ఉంటే! తెలిశాక, ఓపిక చేసుకుని ఎల్బీనగర్‌లో మెట్రో దిగి, ఆ ఇంటి కోసం తిరిగి తిరిగి, మోకాళ్ళు పట్టేసి వచ్చేశాను. పటేల్ గారు పోయి చాలా కాలమైందని ఒక కిరాణా కొట్టాయన చెప్పాడు. తోట ఉన్నచోటు ఏదో ఆయనకీ తెలియదు.

అమ్మాయి ఇప్పటికీ ద్రాక్షపళ్ళు తెస్తుంది. నేను వాటిని పట్టుకుని బాల్కనీలోకి పోయి, అద్దం తలుపు వేసుకుని, దొంగలా నిలబడి తింటాను. ఈ వయసులో ఇదేం అవస్థ అని నాకే నవ్వొస్తుంది. తలుపు అవతల కుక్క కూర్చుని, ఒక్కటి పెట్టవా అన్నట్టు చూస్తుంటుంది. "నీకు పడవురా" అంటాను. ఇంకో పండు నోట్లో వేసుకోగానే, ఎట్లుంది సారూ అని ఎవరో అడిగినట్టుంటుంది.

"బాగుంది పటేల్ గారూ" అంటాను, పైకే. "పండుకేం కాలేదు. చాలా బాగుంది."