ఎదురు మంట

పక్కింటివాళ్లు ఎండుటాకులు పోగేసి అంటించినట్టున్నారు. కిటికీలోంచి పొగ వాసన రాగానే స్టవ్ కట్టేసి, గాలి ఎటు వీస్తోందో చూశాను. విజయనగరంలో మేడ మీది ఇంట్లో ఆ అవసరమేమీ లేదు. ఈ అలవాటు నాకు పైడమ్మ మేడమ్ దగ్గర అబ్బింది.

చీపురుపల్లి అవతల, అటవీశాఖ కాపాడుతున్న గడ్డిమైదానంలో బీట్ ఆఫీసరుగా నా మొదటి ఉద్యోగం. ఆవిడ నా పై అధికారి. నడుమెత్తు గడ్డిలో అడుగు వేయాలంటే నాకు వణుకు. పాములంటే భయం, ఎవరూ లేని ఆ నిశ్శబ్దమంటే ఇంకా భయం. మొదటివారమే ఆవిడ నన్ను మైదానం మధ్యనున్న చదునురాయి దగ్గరికి తీసుకెళ్లారు. దాని మీద పొడుగ్గా, నున్నగా అరిగిన గుంటలున్నాయి.

“సెయ్యెట్టి సూడు,” అన్నారు. “ఎప్పటోళ్లో, ఇక్కడే కూకుని రాతిగొడ్డళ్లు నూరుకునీవోరు. ఆళ్లకీ నీలాగే భయమేసుంటాది. అయినా ఇక్కడే బతికారు కదా.”

నా వేళ్లు ఆ గుంటలో ఇమిడిపోయాయి. ధైర్యం రాలేదు గాని, ఒంటరితనం కాస్త తగ్గింది.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం మేమిద్దరం ఆ రాయి దగ్గరే ఉండగా పడమటి నుంచి మంట లేచింది. గాలి మావైపే. ముందు కుందేళ్లు మా కాళ్ల పక్కనుంచి దూసుకుపోయాయి. తర్వాత చిటపటలు, ఆ వెంటనే సెగ. నేను పరుగందుకోబోతే ఆవిడ నా మణికట్టు పట్టి వెనక్కి లాగారు.

“పరిగెట్టకు! నీకన్నా జోరుగా వస్తాది అది.”

“మరేటి సేద్దాం మేడమ్? సచ్చిపోతాం!”

ఆవిడ అగ్గిపెట్టె తీసి, రాయికి తూర్పున ఉన్న గడ్డి దగ్గర వంగారు. మతి పోయిందనుకుని చెయ్యి పట్టుకున్నాను. గీసిన పుల్ల ఆరిపోయింది.

“నాకూ భయమేస్తన్నాదే. ఒదులు. నే సెప్పింది సెయ్యి.”

ఇంకో పుల్ల అంటుకుంది. ఆ మంట గాలివాటున మాకు దూరంగా పోతూ, వెనక నల్లటి నేల మిగిల్చింది. సీసాలో నీళ్లతో తువ్వాళ్లు తడిపి ముఖాలకు చుట్టుకుని, ఆ వేడి బూడిదలో బోర్లా పడుకున్నాం. పెద్ద మంట మా దాకా వచ్చి, కాల్చడానికేమీ లేక రెండుగా చీలి మా ఇరుపక్కలా పోయింది. ఆ హోరులో ఆవిడ నా వీపు నొక్కిపట్టి ఏదో చెబుతూనే ఉన్నారు. ఒక్క మాటా వినిపించలేదు.

ఇద్దరికీ మోచేతులు కాలాయి. కట్లు కట్టించుకుని జీపులో వస్తూ, అప్పుడేం చెప్పారని అడిగాను.

“ఏటో మరి. అమ్మా, అమ్మా అన్నానేమో,” అన్నారు. నవ్వలేదు.

తర్వాత ఆవిడ బదిలీ మీద ఆమదాలవలస వైపు వెళ్లారు. కొన్నాళ్లకు జబ్బుచేసి పోయారు.

ఇప్పుడు నా కింద కొత్తవాళ్లు పనిచేస్తున్నారు. ఎక్కడైనా మంట ఆర్పడానికి దిగేముందు వాళ్లతో, “నాకు భయమేస్తన్నాది. మీకూ ఏస్తే సెప్పండి,” అంటాను. కాసేపటికి ఒక్కొక్కరే నోరు విప్పుతారు. నాకేమీ భయం లేదన్నవాణ్ణి మాత్రం ఆ రోజుకి జీపు దగ్గరే ఉంచేస్తాను.