నా కీబోర్డుకి ప్రార్థన చేయించారు

మా వాళ్లు సొంత బుద్ధితో కొనేవి ఉప్పూ చింతపండే. మిగతా ఏది కొనాలన్నా పక్కన తెలిసినవాడొకడు ఉండాలి. ఫ్యాన్ కొనాలంటే ఎలక్ట్రీషియన్ని బతిమాలాలి, గేదెని కొనాలంటే పాలాయన్ని వెంటబెట్టుకెళ్లాలి. ఆ తెలిసినవాడికి ఏం తెలుసో మాత్రం ఎవరూ అడగరు. నా కీబోర్డు కొనడానికీ అలాగే ఒక తెలిసినవాడు వచ్చాడు. ఇన్నేళ్లయినా ఆ మనిషి గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి ఎంతో కాలం కాలేదు. నాన్న గవర్నమెంటు స్కూల్లో లెక్కల మాస్టారు. మేం జగ్గయ్యపేటలో ఉన్నన్నాళ్లూ మా వీధి చివర ఒక మిషన్ హాస్టల్ ఉండేది. దాని హాల్లో ఎప్పటిదో పాత పియానో. చెక్కకి చెద పట్టింది, కొన్ని మెట్లు నొక్కితే మళ్లీ పైకి లేచేవి కావు, ముక్త్యాల వైపు సిమెంటు లారీ వెళ్లిందంటే లోపల తీగలు వాటంతటవే జుమ్మనేవి. హాస్టల్ వార్డెన్ అమ్మగారు సాయంత్రాలు నాకు దాని మీద నేర్పేవారు. వేలు మెత్తగా ఆనిస్తే మెత్తగా పలికేది, గట్టిగా వేస్తే గట్టిగా పలికేది. నేను ఎంత చెబితే అంత వినే వస్తువు నా జీవితంలో అదొక్కటే. ఎనిమిదో తరగతి అయ్యేసరికి కుడి చెయ్యి దారిలో పడింది. ఎడం చెయ్యి అప్పుడప్పుడే లొంగుతోంది. అంతలో నాన్నకి నందిగామ ట్రాన్స్‌ఫరయింది.

వెళ్లేముందు వార్డెన్ అమ్మగారు నాన్నని కూర్చోబెట్టి చెప్పారు.

"ఇప్పుడు ఆపేస్తే ఎడం చెయ్యి మళ్లీ మొదటికొస్తుందండీ మాస్టారూ. చిన్నదైనా సరే, ఒక డిజిటల్ పియానో కొనిపెట్టండి. మెట్లు పూర్తి సైజువి ఉండాలి, నొక్కేదాన్ని బట్టి శబ్దం మారాలి. ఇంకేం చూడొద్దు."

నాన్న తల ఊపాడు. తల ఊపడంలో నాన్నని మించినవాడు జిల్లాలో లేడు.

నందిగామలో మా చర్చి సంఘానికి ఒక కీబోర్డు అన్న ఉండేవాడు. అందరి దృష్టిలో ఆయన గొప్ప సంగీత విద్వాంసుడు. ఆయనకి వచ్చింది ఒకే ఒక్క శ్రుతి, అదీ తెల్ల మెట్ల మీద. నల్ల మెట్లు అందం కోసం పెట్టారనుకునేవాడేమో. పాట ఎవరు ఏ శ్రుతిలో ఎత్తుకున్నా శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి, పెట్టెనే తన వేళ్ల దగ్గరికి రప్పించుకునేవాడు. ఎడం చేత్తో రిథమ్ బటన్ నొక్కేవాడు, ఆ తర్వాత దాంతో చెమట తుడుచుకునేవాడు. ఆయన ఎడం చేతికి అంతకుమించి పని లేదు. ఆ ఎండాకాలమే మందిరంలో ఉన్న కీబోర్డు పాడై మూలకి చేరింది. ఆ సంగతి ఎంత ముఖ్యమో నాన్నకి తట్టలేదు, నాకూ తట్టలేదు.

నాన్న, నేను, తెలిసినవాడిగా ఆ అన్న, ముగ్గురం బెజవాడ వెళ్లాం. షాపులో గోడ పక్కన వార్డెన్ అమ్మగారు చెప్పినటువంటిదే ఒకటి ఉంది. నల్లగా, సన్నగా, ఏ హంగూ లేకుండా. వేలు ఆనించాను, గుసగుసలాగా పలికింది. గట్టిగా వేశాను, షాపాయన తల తిప్పి చూశాడు. నాకు అక్కడే ఏడుపొచ్చినంత పనయింది.

"ఇందులో రిథమ్సే లేవు మాస్టారూ, చచ్చిన పెట్టె," అన్నాడు అన్న.

ఆయన ఎంచింది వెండి రంగుది. ఎర్ర లైట్లు, డోలక్, తబలా, చప్పట్లు, పోలీసు సైరన్. ఒక బటన్ నొక్కితే కుక్క మొరిగింది. పిల్లలకి ఎక్కాలు నేర్పే మా నాన్న ఆ కుక్క దగ్గర పడిపోయాడు. మళ్లీ నొక్కమన్నాడు కూడా. రెండిటి ధరా ఇంచుమించు ఒకటే, కాబట్టి డబ్బుల్లేక అలా చేశాడని నాన్నని వెనకేసుకు రావడానికి కూడా నాకు వీల్లేదు.

"నాన్నా, మెల్లగా నొక్కినా అంతే మోగుతోంది," అన్నాను.

"వాల్యూమ్ తగ్గించుకుంటే సరిపోద్ది చెల్లెమ్మా," అన్నాడు అన్న.

ఇంతటి పాండిత్యం ముందు నాన్న మరోసారి తల ఊపాడు.

మా వాళ్లలో కొత్త వస్తువు ఏదైనా ముందు మందిరానికి వెళ్లాలి. పాస్టరు అయ్యగారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాకే ఇంటికి రావాలి. సైకిళ్లు, టీవీలు, కుట్టుమిషన్లు, ఒకసారి ట్రాక్టరు కూడా అలాగే వచ్చాయి. ట్రాక్టరు తిరిగొచ్చిందంటే మందిరంలో దున్నడానికి పొలం లేదు కనక. నా కీబోర్డుని బస్టాండు నుంచి తిన్నగా అక్కడికే మోసుకెళ్లారు. "ఈ వాద్యాన్ని నీ మహిమ కొరకు వాడుకో తండ్రీ" అని అయ్యగారు ప్రార్థించారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది కీబోర్డు అన్న.

"ఈ ఆదివారం ఒక్కసారి వాయించి పంపిస్తాంలెండి మాస్టారూ," అన్నారు పెద్దలు.

ఆదివారం అయ్యాక ఉపవాస ప్రార్థనలన్నారు. అవయ్యాక యూత్ మీటింగ్ అన్నారు. తర్వాత గరికపాడులో ఎవరింట్లోనో గృహప్రవేశ కూటమన్నారు. నా కీబోర్డు గరికపాడు దాకా వెళ్లొచ్చింది గానీ రెండు వీధుల అవతలున్న మా ఇంటికి మాత్రం రాలేదు. దేవుడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆయన కీబోర్డు కావాలని ఎవర్నీ అడగలేదు.

నేను పీట మీద చాక్‌పీసుతో మెట్లు గీసుకుని వాయించేదాన్ని. కుడి చేతికి పాఠాలు గుర్తున్నాయి. ఎడం చెయ్యి రోజురోజుకీ మొద్దుబారుతోంది. ఒకప్పుడు వాటంతటవే వెళ్లిన వేళ్లు ఇప్పుడు ఎటు వెళ్లాలో తెలియక ఆగిపోతున్నాయి. భయమేసి నాన్నని అడిగాను.

"దేవుడికిచ్చింది తిరిగి అడుగుతామా?" అన్నాడు.

"మనం ఇవ్వలేదు నాన్నా. ప్రార్థనకి తీసుకెళ్లాం."

నాన్న పేపరు తెరుచుకున్నాడు. సంఘంలో మాస్టారంటే అందరూ లేచి నిలబడతారు. ఆ మర్యాద ముందు నా ఎడం చెయ్యి ఎంత?

ఆ వచ్చిన ఆదివారం పాట మధ్యలో నేను ఆడవాళ్ల చాపల మీంచి లేచాను. స్విచ్ బోర్డు దగ్గరికెళ్లి ప్లగ్ పీకేశాను. డోలక్ ఠక్కున ఆగింది. పాట మాత్రం ఆగలేదు, పైగా జనం గొంతులు మొదటిసారి సరిగ్గా వినపడ్డాయి. ఆ తేడా అక్కడ ఒక్కరికైనా తెలిసిందని నేననుకోను.

"ఏంటి చెల్లెమ్మా ఇది?" అన్నాడు అన్న.

"ఇది నాది. ఇంటికి తీసుకెళ్తున్నా."

వైరు చుట్టడం మొదలుపెట్టాను. పాట ఒక్కో వరసలో ఆగిపోతూ వచ్చింది. అయ్యగారు మగవాళ్ల వైపు కూర్చున్న నాన్నకేసి చూశారు. నాన్న లేచాడు.

చాపల మధ్య నుంచి నా వైపు నడిచి వచ్చాడు. ఆ పెట్టె నేను ఒక్కదాన్నే మోయలేనంత పొడుగు. రెండో కొస పట్టుకోవడానికే వస్తున్నాడని, ఆ నాలుగడుగులు నడిచేంతసేపూ పూర్తిగా నమ్మాను. ఆయన కోసం కాస్త పక్కకి జరిగి చోటు కూడా ఇచ్చాను.

నాన్న నా చేతిలోంచి వైరు తీసుకున్నాడు. లాక్కోలేదు, మెల్లగానే తీసుకున్నాడు. నేను వేసిన చుట్లు ఓపిగ్గా విప్పి, వంగి, ప్లగ్ మళ్లీ బోర్డులో పెట్టాడు. ఎర్ర లైట్లు వెలిగాయి.

"వాయించు బాబూ," అన్నాడు అన్నతో.