అత్త తెలుగులో అన్న మాట

మా చిన్నత్త పోయింది. మొన్న మంగళవారం పొద్దున ధర్మపురి ఆసుపత్రి నుంచి ఆమె కూతురు ఫోన్ చేసి "అమ్మ పోయింది రా" అంది. ఇన్నేళ్లూ ఆమెతో కలిసి చింతపండు తూచిన చేతులు నావి. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తొప్పూరు కనుమలో, సేలం వెళ్లే రోడ్డు పక్కన ఆమె చింతపండు అంగడి. కనుమ దిగే లారీల బ్రేకులు వేడెక్కితే అక్కడే ఆపుకునేవారు. డ్రైవర్ల కోసం ఎప్పుడూ ఒక బానెడు నీళ్లు పెట్టి ఉంచేది.

తరాలుగా ఈ తమిళ సీమలో ఉంటున్న మా తెలుగు వర్తకుల ఇళ్లలో ఒక అలవాటుంది. బయటంతా తమిళమే, కానీ బేరానికొచ్చినవాళ్ల ఎదుటే అసలు సంగతి తెలుగులో చెప్పుకుంటాం. అత్త తమిళంలో "కొత్త పంట, తేనెలా ఉంటుంది!" అని నవ్వుతూనే నా వైపు తిరిగి, "నిరుటిది గూడా కలిసిండాది, రెండు పిడికిళ్లు ఎక్కువెయ్యి రా" అనేది. నేను వేసేవాణ్ని. పాపమూ పరిహారమూ ఒకే తూకంలో అయిపోయేవి.

కనుమలో బండ్లు బోల్తాపడి మనుషులు పోతూనే ఉన్నారు. రోడ్డు మార్చాలని అందరికంటే అత్తకే ఎక్కువ ఆశ. దెబ్బతిన్నవాళ్ల గొంతులో నీళ్లు పోసింది ఆమే కదా. మన ప్రభుత్వానికి ఒక విదేశీ బ్యాంకు అప్పిస్తుందన్నారు. అయితే ఒక షరతు. రోడ్డు కోసం తీసేసే ప్రతి అంగడికీ, పట్టా లేకపోయినా సరే, ముందే వేరే చోటు చూపించాలి. చూపించారో లేదో బ్యాంకువాళ్లే వచ్చి మా నోట వింటారు.

మాకెవరికీ పట్టా లేదు. ఎవరూ ఏ చోటూ చూపించలేదు. వాళ్లు వచ్చే ముందురోజు ఒక ప్రభుత్వ అధికారి అంగడి అంగడికీ తిరిగి, "చూపించారని చెప్పండి. అప్పు ఆగిందంటే మీ సంగతి చూస్తా" అని చెప్పి పోయాడు.

కల్యాణ మండపంలో సమావేశం. బ్యాంకు తరఫున ఒక తెల్లాయన, ఆయన పక్కన నూలు చీరలో ఒకామె. ఆమె ఇంగ్లీషు విని ఢిల్లీ మనిషనుకున్నాం. మా తమిళాన్ని ఒకతను ఇంగ్లీషులో చెబుతుంటే ఆమె రాసుకుంటోంది. ఒక్కొక్కరే లేచి "చూపించారు" అని కూర్చుంటున్నారు. అత్త కూడా తమిళంలో అలాగే చెప్పింది. కూర్చుంటూ అలవాటు కొద్దీ, ఏమాత్రం గొంతు తగ్గించకుండా నాతో అంది:

"ఏం చూపించినారు, వాళ్ల మొగం! నిన్న ఆ సారు బెదిరించి పోయినాడు గాబట్టి అందురూ తలకాయలూపతా ఉండారు."

ఆ చీరావిడ పెన్ను ఆగింది. తలెత్తి, శుభ్రమైన తెలుగులో అడిగింది: "అమ్మా, ఇప్పుడు మీరన్నది రాసుకోమంటారా?"

ముందురోజు తిరిగిన ఆ అధికారి కూడా అక్కడే ఉన్నాడు. ఆయనకు తెలుగు రాదు. ఏం జరిగిందో తెలియక మా ముఖాలు చూస్తున్నాడు. "ఉత్తినే అన్నాను" అంటే అక్కడితో పోయేది. అత్త నా మోకాలి మీద చెయ్యి వేసింది. దాన్నే ఊతం చేసుకుని లేచింది.

"మీరు తెలుగోళ్లా తల్లీ! ఎంత పని చేసుకున్నాను!" అని నవ్వబోయింది. ఎవరూ నవ్వలేదు. "సరే, రాసుకోండి. రోడ్డొద్దని మాత్రం రాయాకండి. రోడ్డు కావల్ల, మాకు చోటు గూడా కావల్ల." అదే మాట అందరికీ అర్థమయ్యేలా తమిళంలో మళ్లీ చెప్పింది.

అప్పు ఆగింది. బ్యాంకువాళ్లు విని విమానమెక్కి పోయారు. వాళ్లు విన్నదానికి ఇక్కడ మాటలు పడింది అత్త. నాకు వాళ్ల మీదా కోపమే, దాచుకోవడం దేనికి? "బయటివాళ్ల ముందు దేశం పరువు తీశావు" అని అధికారి అరిచాడు. "పరువు తీసింది నేనా, నోరు మూసుకోమని తిరిగిన మీరా సారూ?" అంది అత్త. ఆయనకు దీటుగా చెప్పింది గానీ, సొంత వరసలోని అంగళ్లవాళ్లే మాట్లాడటం మానేస్తే తట్టుకోలేకపోయింది. ఆ రోజుల్లోనే మలుపు దగ్గర ఇంకో లారీ పడింది. పక్కంగడాయన అందరి ముందూ "నీ నోటి వల్లే" అన్నాడు. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, కలపకుండా, "నేను తప్పు చేసినానా రా?" అని అడిగింది. "లేదత్తా" అన్నాను. ఆమె నమ్మలేదు. నిజం చెప్పాలంటే నాకూ నమ్మకం లేదు.

ఆఫీసుల చుట్టూ ఎంతో తిరిగాక, బస్సులు ఆగే చోట మా అంగళ్ల వరసకంతా కొత్త అంగళ్లు వచ్చాయి. ఆ తర్వాతే అప్పు కదిలి రోడ్డు పని మొదలైంది. తాళంచెవులు ఇచ్చిన రోజు పక్కంగడాయనే వచ్చి అత్త నీళ్ల బానను మోసుకొచ్చి కొత్త గుమ్మం ముందు పెట్టాడు. అత్త కొంగుతో బాన అంచు తుడిచింది. ఆ అంగట్లో ఆమె కూర్చున్నది కొన్ని వారాలే.

ఈ ఉదయం అంగడి తెరిచాను. పెన్నాగరం నుంచి వచ్చిన ఒకావిడ చింతపండు చేతిలోకి తీసుకుని వాసన చూసి, ధరెంతని తమిళంలో అడిగింది. నేను అలవాటుగా అత్త కూర్చునే పక్కకు తిరిగి, తెలుగులో "ఎంత చెప్పేదత్తా?" అన్నాను.

ఆవిడ చింతపండు పట్టుకుని అలాగే నిలబడి ఉంది.