చప్పట్ల కోర్టులో పట్టకారు

ఆర్డరులో ఆమె ఉద్యోగం పేరు చికిత్సా సమన్వయకర్త. ఆ మాటని తడబడకుండా పలికిన మనిషి ఆ కోర్టులో ఇంతవరకు లేడు. వకీళ్ళు పెట్టిన పేరు పట్టకారు. మత్తు బిళ్ళల కేసులో దొరికిన ముద్దాయిని జడ్జిగారు "జైలొద్దు, వైద్యం చేయించుకో" అని వదిలిపెట్టగానే, వాడు బోను దిగీ దిగకముందే ఆమె చెయ్యి వెళ్ళి వాడి మణికట్టు మీద పడుతుంది. రోడ్డవతల క్లినిక్‌లో నర్సు ఎదుట కూర్చోబెట్టేదాకా ఇక వదలదు. బాత్రూముకెళ్ళి ఇప్పుడే వస్తానమ్మా అని ఎంత జాలిగా మొహం పెట్టినా, క్లినిక్‌లోనూ బాత్రూముంది పద అంటుంది.

ఆమెకి ముందు ఈ కుర్చీలో ఉన్నాయన మహా మర్యాదస్తుడు. అడ్రసు చీటీ రాసిచ్చి, వెన్ను తట్టి, నవ్వుతూ పంపేవాడు. గేటు దాకా మనిషీ చీటీ కలిసే వెళ్ళేవారు. గేటు దాటాక మనిషి బిళ్ళలమ్మే సందులోకి, చీటీ మురిక్కాలవలోకి. ఆయన రిటైరైన రోజున సేవాతత్పరుడని పొగిడారు. నిజమే, కుర్చీకి ఆయన చేసిన సేవ అంతా ఇంతా కాదు.

పట్టకారుకి ఎవరి మీదా గౌరవం లేదు. వకీళ్ళు ఆమె దృష్టిలో నల్లకోటు తొడిగిన ఆవులింతలు. ముద్దాయిలు ఒట్లు పెట్టే యంత్రాలు. వాళ్ళు ఒట్టు పెట్టబోతే నోరు మూయిస్తుంది. ఒట్టు పెట్టడానికి నోరు చాలు, మందు మింగడానికి మనిషి రావాలి అంటుంది. ఇంట్లో ఆమె భర్త బేకరీ నడుపుతాడు, మెత్తటి మనిషి. తిట్లన్నీ కోర్టులోనే ఖర్చు పెట్టేసి రా, ఇంటికి మిగల్చకు అని రోజూ బతిమాలుకుంటాడు. రోజూ కాసిని మిగులుతూనే ఉంటాయి.

ఇక జడ్జిగారు. ఆయన మంచివాడు, వచ్చిన చిక్కంతా అక్కడే. చెడ్డవాడైతే పోట్లాడొచ్చు. మంచివాడికి, అందులోనూ తన మంచితనం తనకి బాగా తెలిసినవాడికి ఏం చెప్పినా గోడకి చెప్పినట్టే. కొన్ని నెలలకొకసారి ఆయన కోర్టు హాల్లో సభ పెడతాడు. దారిలో పడ్డ ముద్దాయిల్ని కుటుంబాలతో సహా పిలిపించి, ఒక్కొక్కణ్ణి మైకు ముందు నిలబెట్టి, "నీ ఒంట్లో ఇవాళ ఏ మందూ లేదు కదా?" అని అడుగుతాడు. వాడు లేదండీ అనాలి. అనగానే జడ్జిగారు లేచి నిలబడి చప్పట్లు కొడతాడు. జడ్జి లేస్తే హాలంతా లేవాలి కదా, లేస్తుంది. తర్వాత ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ చేతిలో పెడతాడు.

ఏ మందూ అంటే ఆయన లెక్కలో క్లినిక్ వాళ్ళు నాలిక కింద పెట్టే బిళ్ళ కూడా. ఆ బిళ్ళ పుణ్యమా అనే వాళ్ళు వణుకు లేకుండా నిలబడి, పనికెళ్ళి, అన్నం తింటున్నారు. జడ్జిగారికి మాత్రం అది ఒక మత్తు వదిలి ఇంకో మత్తు పట్టుకోవడం. క్లినిక్ డాక్టరు ఆయనకి ఉత్తరం రాశాడు: ఇది అర్ధాంతరంగా మానేసినవాడు మళ్ళీ వీధి బిళ్ళల జోలికి పోతే, ఒకప్పుడు తేలిగ్గా అరిగించుకున్న మోతాదే ప్రాణం తీస్తుంది, ఎందుకంటే ఒళ్ళు ఆ అలవాటు మర్చిపోయి ఉంటుంది అని. జడ్జిగారు ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు. సభ మాత్రం మానలేదు.

ఈసారి సభకి పిలుపొచ్చిన వాళ్ళలో ఒక పెయింటరున్నాడు. పరంజా మీంచి పడి నడుం విరిగితే ఆస్పత్రిలో నొప్పి బిళ్ళలిచ్చారు. నొప్పి పోయింది, బిళ్ళలు పోలేదు. రంగులేస్తున్న ఇంట్లో మందుల అలమర ఖాళీ చేస్తూ దొరికిపోయాడు. భార్య కూతుర్ని తీసుకుని పుట్టింటికెళ్ళింది. సర్టిఫికెట్ కళ్ళతో చూస్తే గాని పిల్లని పంపేది లేదని అత్తగారు తేల్చి చెప్పింది. ఆవిడకి జడ్జిగారి సంతకమంటే అంత గురి.

సభ దగ్గర పడ్డాక, పెయింటరు రెండు రోజులుగా రావడం లేదని నర్సు చెప్పింది. పట్టకారు తిన్నగా వాడు పనిచేస్తున్న మేడకి వెళ్ళింది. మెట్ల దగ్గర గోడకి రంగేస్తున్నాడు. ఆవులింత మీద ఆవులింత, ముక్కు కారుతోంది, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. రంగు వాసన పడలేదమ్మా అన్నాడు. ఇన్నేళ్ళుగా పడిన వాసన ఇవాళే పడలేదా అందామె. వాడు బ్రష్షు కింద పెట్టి నిజం చెప్పాడు.

"అందరి ముందూ లేదండీ అనాలి కదమ్మా. పాప కూడా వస్తోంది. పాప ముందు అబద్ధమెలా ఆడను?"

ఆమెకి తిట్టబుద్ధేసింది, ఎవర్ని తిట్టాలో తెలియలేదు. వాడి ఒళ్ళు మందడుగుతోంది, వాడి కూతురు సర్టిఫికెట్ అవతల నిలబడి ఉంది. ఆ రెంటి మధ్యా ఈ నడుం విరిగిన మనిషిని నిలబెట్టి చప్పట్లు కొడతారట.

ఆ సాయంత్రమే జడ్జిగారి గదికి వెళ్ళింది. ఈ ఒక్కణ్ణీ ఆ ప్రశ్న అడక్కండి అని బతిమాలింది. బతిమాలడం ఆమెకి చేతకాదు, అయినా బతిమాలింది. ఆయన టీ తెప్పించి, మనోబలం గురించి చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడుతూనే సొరుగులోంచి బీపీ బిళ్ళ తీసి వేసుకున్నాడు. ఆమె దాని వైపే చూస్తుంటే, ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఇది వేరమ్మా."

"అవునండీ. మీరిది మానేస్తే ఎవరూ చప్పట్లు కొట్టరు."

టీ తాగకుండానే లేచి వచ్చేసింది. సభ రోజు పొద్దున్నే పెయింటరు గది తలుపు కొట్టింది. వాడు మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాడు. సర్టిఫికెట్‌ని గోడకి తగిలిస్తారు, పక్కన దండేసిన నీ ఫొటో కూడా తగిలిస్తారు, మీ అత్తగారు పిల్లని తెచ్చి రెండూ చూపిస్తుంది, సరేనా అని అడిగింది. వాడు ఏడ్చాడు. ఆమె మణికట్టు పట్టుకుని క్లినిక్‌కి లాక్కెళ్ళింది.

సభలో ముందు ఒక టైలరుని పిలిచారు. ఇస్త్రీ మడత నలగని మనిషి, మాటకారి. రోజూ క్లినిక్ గేటు దగ్గర అందరికీ దండాలు పెడుతూ కనిపించేవాడు. వీడు గట్టివాడు, వీడి గురించి బెంగలేదు అనుకుంది పట్టకారు. ఆమె చేతులు రెండూ ఆ వారమంతా పెయింటరు మీదే ఉన్నాయి. జడ్జిగారడిగితే టైలరు గొంతెత్తి లేదండీ అన్నాడు. హాలు దద్దరిల్లింది. మందు సంగతి దాచి గండం గట్టెక్కాడనుకుని ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

తర్వాత పెయింటరు. అదే ప్రశ్న. వాడు కూతురి వైపు చూశాడు.

"ఉందండీ. పొద్దున్నే వేసుకునొచ్చాను."

జడ్జిగారి చేతులు చప్పట్లకని లేచినవి లేచినట్టే ఆగిపోయాయి. ఎంతో బాధపడ్డాడు పాపం. వచ్చేసారి చూద్దాం నాయనా అని, తర్వాతి పేరు పిలిపించాడు. అత్తగారు కొంగు విదిలించి, మనవరాలి రెక్క పట్టుకుని, వెనక పెయింటరు భార్య రాగా చక్కాపోయింది. పెయింటరు ఖాళీ చేతులతో మెట్లు దిగాడు. నీ మాట విని పిల్లని పోగొట్టుకున్నానమ్మా అని మాత్రం పట్టకారుతో అన్నాడు.

నెల తిరక్కుండా టైలరు చచ్చిపోయాడు. కుట్టు మిషను మీదే తల వాల్చి ఉన్నాడు, గోడకి సర్టిఫికెట్ ఉంది. సభలో అనే మాట అబద్ధం కాకూడదని మందు ముందే నిజంగా మానేశాడట. గేటు దగ్గర దండాలే గాని లోపలికి వెళ్ళి చాలా రోజులైందని నర్సు అప్పుడు చెప్పింది. ఒక్క పూట ఓర్చుకోలేక వీధి బిళ్ళలు పాత మోతాదులోనే వేసుకున్నాడు. అవకాశమిచ్చినా నిలబెట్టుకోలేకపోయాడని జడ్జిగారు నిండు కోర్టులో విచారం వెలిబుచ్చాడు. పట్టకారు కోర్టు వెనక మెట్ల మీద కూర్చుని, అరచేతుల్ని చీర కుచ్చిళ్ళకేసి అదే పనిగా తుడుచుకుంది. ఆ చేతులతోనే చప్పట్లు కొట్టింది మరి.

ఆ వార్త ఆ నోటా ఈ నోటా పెయింటరు అత్తగారి చెవిన పడింది. ఒకరోజు పొద్దున్నే మనవరాలిని వెంటేసుకుని ఆవిడ క్లినిక్ గేటు దగ్గరికొచ్చింది. ఇంకో ముద్దాయి మణికట్టు పట్టుకుని రోడ్డు దాటుతున్న పట్టకారుకి ఎదురెళ్ళింది. సర్టిఫికెట్ ఊసెత్తలేదు.

"మా అల్లుడు ఇవాళ మందేసుకున్నాడా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది మీ వరస అని నాలిక చివరిదాకా వచ్చింది. కాలినవి ఈవిడ చేతులు కావు, టైలరువి. పట్టకారు ఆ మాట మింగేసి, లోపలున్నాడు, మీరే వెళ్ళి అడగండి అని పిల్లకి దారి వదిలింది.