ఓడిపోయే జట్టూ, నా ఒంటి తుమ్మూ

మా మనవరాలు నిత్య సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి సంచీని గుమ్మం పక్కన పడేస్తే, అందులోంచి లేచే వాసన సింగపూరు చోవా చూ కాంగ్‌లోని మా ఫ్లాటంతా పాకుతుంది. రబ్బరు బంతి వాసన, చెమటకు తడిసి ఆరిన మేజోళ్ల వాసన, మోకాళ్లకు పట్టించే నొప్పుల తైలం ఘాటు, మూడూ కలిసిపోయి వస్తాయి. దాని తల్లి, అంటే మా అమ్మాయి, ముక్కు మూసుకుని కిటికీలు తెరుస్తుంది. నేను మాత్రం ఆ సంచీ దగ్గరే కాసేపు నిలబడిపోతాను. నిత్య వాళ్ల కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుతుంది. ఆ జట్టు ఈ ఏడాది ఓడిపోవడం తప్ప ఇంకో పని చెయ్యలేదు. కోచ్‌ను మార్చేస్తారట అని మొన్న అన్నం తింటూ అది మామూలుగా అనేసింది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నేను దేనికీ జంకే మనిషిని కాను; ఈ ఇంట్లో వృథాగా వెలిగే లైటు కూడా నన్ను చూసి ఆరిపోతుందని మా అల్లుడు వేళాకోళం చేస్తాడు. అటువంటి నేను ఆ ఒక్క మాటకు తొమ్మిదేళ్ల పిల్లనైపోయి, తడిసిన కోర్టు పక్కన తమ్ముణ్ని చంకనేసుకుని వణుకుతూ నిలబడ్డాను.

మా అయ్య అప్పట్లో ఈ సింగపూరులోనే ఒక చిన్న కాలేజీలో కాపలా పనీ, ఆటస్థలం పనీ చూసేవాడు. కాలేజీ వెనక, బాస్కెట్‌బాల్ కోర్టుకు ఆనుకుని, రేకుల కప్పున్న రెండు గదుల ఇల్లు మాకిచ్చారు. అందులో అయ్య, అమ్మ, అయ్యను కన్న మా మామ్మ, నేను, ఇంకా నడక రాని తమ్ముడు. వాణ్ని ఎత్తుకోవడానికి మనిషి కావాలని నా చదువు మూడో తరగతితో ఆపేశారు. తెలుగు అక్షరాలు మాత్రం అయ్యే నేర్పాడు. కోర్టుకు సున్నం పొడితో గీతలు గీశాక డబ్బా అడుగున మిగిలిన పొడిని నేల మీద పరిచి, వేలితో అఆలు దిద్దించి, తరవాత చీపురుతో కూడదీసి మళ్లీ డబ్బాలో పోసేవాడు. నాకు చదువు ఎంతబ్బిందో తెలియదు గాని, పిసినారితనం మాత్రం అక్కడే అబ్బింది.

ఆ ఇంట్లో వాన పడితే రేకుల మీద గులకరాళ్లు కుమ్మరించినట్టుండేది. ఏడాది చివరి వానల్లో బట్టలు ఆరక, గోడలు ఆరక, మామ్మ కుంపటి దగ్గర తమ్ముడి గుడ్డలు పట్టుకుని ఆరబెడుతుంటే ఇల్లంతా పొగా, పాలవాసనా నిండిపోయేవి. వానలు వెనక్కి తగ్గి చీనావాళ్ల కొత్త సంవత్సరం వచ్చేసరికి కాలేజీ గుమస్తా ఇంటి నుంచి కమలాపళ్లు వచ్చేవి; వాటి తొక్కల్ని కూడా మామ్మ పారెయ్యనివ్వక ఎండబెట్టి నలుగుపిండిలో కలిపేది. ఉగాదికి వేపపువ్వు దొరకని ఏడు పచ్చట్లో కాకరకాయ ముక్క వేసి, చేదు చేదేనని అందరి నోట్లో కుక్కేది. పక్కింటి మలాయి ఆవిడ, మేమంతా మక్‌చిక్ అని పిలిచేవాళ్లం, వాళ్ల పండక్కి కొబ్బరాకు బుట్టల్లో ఉడికించిన అన్నం ముద్దలు పంపేది. నేనూ ఆవిడ కూతురూ కోర్టు అంచున కూర్చుని, బియ్యం పోసి కుట్టిన చిన్న గుడ్డమూటలు ఎగరేసి పట్టుకునే ఆట ఆడేవాళ్లం. ఇన్ని ఉన్నా, ఆ రోజులు తలుచుకోగానే నాకు ముందు వినబడేది బంతి శబ్దమే. డబ్ డబ్ డబ్‌మని మా గోడలోకి దిగి, గోడలోంచి చాపలోకి, చాపలోంచి నా వీపులోకి వచ్చేది. నా గుండె ఏదో, బంతి ఏదో తెలిసేది కాదు.

ఆ జట్టుకు నేర్పే ఆయన పొట్టిగా, సన్నగా, ఎండలో మాడిన చీనా మనిషి. మలాయి మాటలో మేష్టర్ని చెక్‌గూ అంటారు, మేమందరం అలాగే పిలిచేవాళ్లం. ఆయన అరిస్తే చెట్టు మీది మైనాలు లేచిపోయేవి. వానలో కూడా కుర్రాళ్లను పరిగెత్తించేవాడు. వాళ్లు వెళ్లిపోయాక తనే చీపురు పట్టుకుని కోర్టులో నిలిచిన నీళ్లు ఊడ్చేవాడు. బంతి మురిక్కాలవలో పడితే ఎవర్నీ దింపక ప్యాంటు మడిచి తనే దిగేవాడు. నవ్వడం నేను చూడలేదు. కానీ రోజూ ఒకసారి, మా గుమ్మం ముందు తమ్ముడితో నిలబడ్డ నావైపు చూసి, పెద్దమనిషిని పలకరించినట్టు తల ఊపేవాడు. బడి లేని పిల్లకి ఆ మాత్రం పలకరింపు చాలు. ఆ జట్టు నాది అనుకున్నాను. ఆ జట్టేమో ఓడిపోయేది. పొడుగు కుర్రాళ్లందరూ పెద్ద కాలేజీలకు పోగా మిగిలినవాళ్లు మాకు వచ్చేవాళ్లు.

ఒక రోజు జట్టు బయటి ఆటకు వెళ్లడానికి లారీ ఎక్కుతోంది. పొద్దున్న అయ్య గీసిన సున్నం గాలికి లేచి నా ముక్కులో దూరింది. తుమ్మాను. ఒక్కటే తుమ్ము. గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్న మామ్మ చేట కింద పెట్టేసి లేచింది.

"ఒలమ్మో, ఒంటి తుమ్ము! ఆగండర్రా! ఒకపాలి దిగి కూకుని మంచినీల్లు తాగెల్లండి!"

లారీలో ఉన్నవాళ్లకు తెలుగు ఏం తెలుస్తుంది? ముసలావిడ దీవిస్తోందనుకుని చేతులూపారు. ఆ సాయంత్రం చిత్తుగా ఓడి వచ్చారు. అయ్య గబగబా నాలుగు ముద్దలు తిని లేచాడు. మామ్మ అందుకుంది.

"నాను సెప్పనేదా? ఈ గుంట ముక్కు మంచిది కాదు. ఇది తుమ్మిందంటే ఆ బుట్టలో బంతి పడదు."

అమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. ఆ రాత్రి నుంచి నాకు నా ముక్కంటేనే భయం పట్టుకుంది. ఆట ఉన్న రోజు పొద్దున్నే ముక్కులోకి నువ్వులనూనె పీల్చుకునేదాన్ని. తుమ్ము వచ్చేలా ఉంటే పైపెదవి గట్టిగా నొక్కి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. ఒక్కోసారి తమ్ముడి బొజ్జలో ముఖం దాచుకుంటే వాడు చక్కిలిగిలి అనుకుని కిలకిలలాడేవాడు. అంత చేసినా జట్టు ఓడిపోయేది. అప్పుడు, నిద్రలో తుమ్మానేమో, నాకే తెలియలేదేమో అని కొత్త భయం. చెబుదామంటే ఎవరికి చెప్పను? అయ్యకు చెబితే జట్టు ఓటమికి కారణం తన కూతురే అని తెలిసిపోతుంది.

వానలు మొదలవుతున్న రోజుల్లో అయ్య ఒక సాయంత్రం తల తుడుచుకుంటూ అమ్మతో అన్నాడు: "రేపు ఇక్కడాడే ఆట కూడా పోతే చెక్‌గూని పంపించేత్తారట. పెద్దసారు గట్టిగా సెప్పేసినాడు."

మర్నాడు నేను గంజి కూడా తాగలేకపోయాను. సాయంత్రానికి అవతలి జట్టు వచ్చింది. అందరూ కొబ్బరిచెట్లలా ఉన్నారు. మనుషులు మూగుతున్నారు. నేను బయట ఉంటే తుమ్ముతానని, తమ్ముణ్ని అమ్మకిచ్చి, ఒక చెంబుతో నీళ్లు పట్టుకుని, కోర్టు వెనక బంతులు దాచే గదిలో దూరి పాత వలల చాటున నక్కాను. చీకటి. ఉక్క, రబ్బరు వాసన, వలల దుమ్ము. బయట జనం కేకలు రేకుల మీద వానలా ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది. చెక్‌గూ లోపలికి వచ్చి మళ్లీ మూసేశాడు. నన్ను చూడలేదు. గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి. తరవాత వంగి, మూలనున్న బాల్చీలో డోకాడు. మైనాల్ని లేపే మనిషి, చప్పుడు బయటికి వినపడకుండా చొక్కా చేతిని నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అంతవరకూ నా భయం నా ఒక్కదానిదే. పెద్దవాళ్లకు కూడా భయం ఉంటుందని చూసేసరికి ఇల్లు కప్పు లేచిపోయినట్టయింది. ఆయన ముఖం తుడుచుకుని తలుపు వైపు అడుగు వేశాడు. సరిగ్గా అప్పుడు నేను తుమ్మాను.

ఒక్కటే.

ఆయన గిర్రున తిరిగాడు. నేను వలల్లోంచి పాక్కుంటూ వచ్చి కాళ్లకు అడ్డం పడ్డాను. అప్పట్లో మేమంతా ఒకరితో ఒకరం మాట్లాడుకునే బజారు మలాయిలో ఏడుస్తూ చెప్పాను, వెళ్లొద్దు, దుదుక్, కూర్చో, నీళ్లు తాగు, ఒక తుమ్ము చెడ్డది, కూర్చుని వెళితే పోతుంది అని. ఆయన నా చేతిలో చెంబు చూశాడు, నన్ను చూశాడు. బయట ఈల వేస్తున్నారు. అయినా బోర్లించిన పెట్టె మీద కూర్చుని నీళ్లు తాగాడు.

"ఒక తుమ్ము చెడ్డదయితే రెండు?" అన్నాడు.

"రెండు మంచివి."

"అయితే ఇంకోటి తుమ్ము, త్వరగా."

నేను ముక్కు నలిపాను, దుమ్ము పీల్చాను, తలుపు సందులోంచి వెలుగు వైపు చూశాను. ఎన్నాళ్లుగానో పిలవకుండా వచ్చిన తుమ్ము ఆ రోజు పిలిస్తే రాలేదు. నా తంటాలు చూసి ఆయన నవ్వాడు. పళ్లు అడ్డదిడ్డంగా ఉన్నాయి. "నీకు భయంగా ఉందా?" అని అడిగాడు. తల ఊపాను. "తాకుత్. నాకూ భయమే," అని చెంబు నా చేతికిచ్చి వెళ్లిపోయాడు.

జట్టు ఆ రోజు ఎప్పుడూ ఆడనట్టు ఆడింది. ఒక్క బుట్ట తేడాతో ఓడిపోయింది.

తరవాతి రోజులు నేను ఎలా బతికానో నాకే తెలియదు. ఆ గదిలో ఏం జరిగిందో చెక్‌గూ అయ్యకు చెప్పేస్తాడని, అయ్య బెల్టు తీస్తాడని, మామ్మ వీధంతా చాటుతుందని భయం. కోర్టులో బంతి శబ్దం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం శబ్దంకన్నా ఎక్కువ భయపెట్టేది. ఒక మధ్యాహ్నం ఆయన రేకు పెట్టె చేత్తో పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. నేను మామ్మ వెనక దాక్కున్నాను. అయ్య ముక్కాలిపీట వేశాడు. ఆ గది మాట ఆయన ఎత్తనే లేదు. లేచే ముందు చెక్‌గూ నావైపు చెయ్యి చాపి, నీళ్లు కావాలన్నాడు. నేను తెచ్చిన గ్లాసెడు నీళ్లూ కూర్చునే నెమ్మదిగా, చివరి చుక్క దాకా తాగి, గ్లాసు నా చేతిలోనే పెట్టి, ఎప్పటిలా తల ఊపి వెళ్లిపోయాడు.

జరిగిందేమీ తెలియని మామ్మ ఆయన వెళ్లినవైపే చూస్తూ మెచ్చుకుంది: "సూసినావేటే గుంటా! చీనావోడైనా బయల్దేరేముందు కూకుని నీల్లు తాగాలని ఎరిగున్నాడు. మనోల్లకే నేదు ఆ గ్యానం."

ఆయన ఎటు వెళ్లాడో, ఇంకెక్కడైనా ఎవరికైనా నేర్పాడో ఎప్పటికీ తెలియలేదు. ఆ కాలేజీ లేదు. ఆ కోర్టున్న చోట ఇప్పుడు అంతస్తుల మీద అంతస్తులు. వాన పడితే ఎవరి నెత్తి మీదా చప్పుడు కాదు. సున్నం గీతలు పోయి, చెక్కనేల మీద ఎప్పటికీ చెరగని రంగు గీతలొచ్చాయి. మక్‌చిక్ పోయింది, ఆవిడతో మాట్లాడిన ఆ వచ్చీరాని భాష కూడా పోయింది. నా మనవరాలు పక్కింటి పిల్లతో ఇంగ్లీషే మాట్లాడుతుంది. తుమ్ముకు ఆగేవాళ్లు అసలే లేరు. జురాంగ్ ఈస్ట్‌లో రైలు తలుపులు మా మామ్మ అరిచినా ఆగవు.

పోయిన వారం పాసిర్ రిస్‌లో నిత్య వాళ్ల ఆఖరి ఆట. నేనూ వస్తానంటే అది బూట్ల తాళ్లు కట్టుకుంటూ, "అమ్మమ్మా, యూ డోంట్ కమ్ లా. లాస్ట్ టైమ్ యూ కేమ్, వీ లాస్ట్," అంది. మాట చివర "లా" తగిలించే ఈ ఊరి ఇంగ్లీషులో, నవ్వుతూనే అంది. నా చెయ్యి నా ముక్కు మీదికి పోయింది. ఎవరికీ చెప్పకుండా దాని వెనకాలే ఇంకో రైలెక్కి, ఊరి ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్లి, హాల్లో అందరికంటే పైమెట్టు మీద కూర్చున్నాను. వాళ్ల కోచ్ కుర్రవాడు. బల్ల మీద కూర్చుని మోకాళ్లు ఆడిస్తున్నాడు, చేతులు తొడల కింద దాచుకున్నాడు. ఎందుకు దాచుకున్నాడో ఆ హాల్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. సగం ఆటకే ఫలితం తేలిపోయింది. తల్లిదండ్రులు ఒక్కొక్కరే లేచిపోయారు. నాకు లేవాలనిపించింది. నేను పోతేనన్నా గెలుస్తారేమో అనిపించింది. మెట్టు అంచు పట్టుకుని అలాగే కూర్చున్నాను.

అంతా అయిపోయాక నిత్య నన్ను చూసి, కళ్లు తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చింది. "హాఫ్ టైమ్‌లోనే ఇంటికెళ్లిపోవాల్సింది కదా అమ్మమ్మా, అంతలా ఓడిపోతుంటే!"

"టిక్కెట్టు నేకుండా ఊరికే సూపించే ఆటని సగంలో వదిలేసి పోతానేటి?"

అది ఏడుస్తూనే నవ్వింది. సంచీ భుజానికి తగిలించుకుని, "కమ్ లా, పోదాం. లాస్ట్ రైలుకి ఇంకా టైముంది గాని, ఆకలేస్తోంది," అంది.

కింద హాలు ఖాళీ అయింది. లైట్లు ఒక వరస ఆర్పేశారు. ఆ కుర్ర కోచ్ ఇంకా బల్ల మీదే ఉన్నాడు, ఒక్కడే.

నిత్య చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"ఉండు," అన్నాను. "ఆయన్ని ముందు లెగనీ."