ఆస్త్రఖాన్ ఆంటీ

సింగపూర్‌లోని క్లెమెంటిలో, మా ఇంటి దగ్గర తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో, పళ్ళు కోసి అమ్మే దుకాణం ఒకటుంది. పొద్దున్నే అక్కడ పుచ్చకాయ కోసినప్పుడు ఆ చల్లటి పచ్చివాసన తగిలిందంటే చాలు, నాకు మా నర్సాపురం కాదు, రష్యాలో ఎన్నడూ చూడని ఆస్త్రఖాన్ గుర్తొస్తుంది. చూడని ఊరు గుర్తురావడమేమిటని నవ్వకండి. భారతి ఆంటీ ఇంట్లో అద్దెకున్నవాళ్ళెవరికైనా ఇదే జరుగుతుంది. ఎప్పుడు పుచ్చకాయ కోసినా ఆవిడ మొదటి ముక్క నోట్లో వేసుకుని, "బానే ఉంది గానీ, ఆస్త్రఖాన్ కాయ కాదు" అనేవారు. వంక పెట్టకుండా ఆవిడ పుచ్చకాయ తినగా నేను చూడలేదు.

అప్పట్లో నేను ఇక్కడి యూనివర్సిటీలో నదుల డెల్టాల మీద పిహెచ్‌డి చేస్తున్నాను. ఉన్న గది ఖాళీ చేయాల్సివచ్చి, ఎవరో చెబితే టోవా పాయోలో ఆవిడ ఫ్లాట్‌కి వెళ్ళాను. ఆంటీది ఆకివీడు. కొల్లేటి చేపల మధ్య పెరిగి, చేపల పెంపకం చదవడానికి సోవియట్ రోజుల్లో ఆస్త్రఖాన్ వెళ్ళి, తర్వాత సింగపూర్‌లో రంగుచేపలు ఎగుమతి చేసే కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. తలుపు తీస్తూనే నన్ను ఎగాదిగా చూశారు.

"ఏ ఊరు?"

"నర్సాపురం ఆంటీ. గోదావరి డెల్టా మీద రీసెర్చ్."

"గోదారి పక్కన పుట్టి, గోదారి గురించి చదవడానికి సింగపూర్ వచ్చావా? బానే ఉందే అమ్మాయ్! నేనూ అంతేలే, కొల్లేరు వదిలేసి చేపల కోసం వోల్గా దాకా పోయాను. చెప్పులు అక్కడ పెట్టి లోపలికి రా."

ఆ తర్వాత రోజూ భోజనంతోపాటు ఆస్త్రఖాన్ వడ్డన కూడా ఉండేది. వోల్గా నది కాస్పియన్‌లో కలిసేముందు లెక్కలేనన్ని పాయలుగా చీలిపోయే చోట ఉందట ఆ పాత నగరం. కాస్పియన్ నాలుగువైపులా నేలే ఉన్న సముద్రం. మిగతా సముద్రాలకన్నా పల్లంలో ఉంటుంది, దాని పక్కనున్న ఆ ఊరూ పల్లమే. చలికాలంలో నది గడ్డకట్టే ఆ ప్రాంతంలోనే వేసవి వస్తే పాయల నిండా తామరలు విచ్చుకుంటాయి. వందల ఏళ్ళ కిందట మన దేశపు వర్తకులు అక్కడ కొట్లు, గదులు, పూజకో చోటు కట్టుకుని బతికారు. కొందరు అక్కడి తాతారు జాతి ఆడపిల్లలను పెళ్ళాడి ఆ ఊరివాళ్ళే అయిపోయారు. వింటూ వింటూ నేను పెరుగన్నం కలపడం మరచిపోయేదాన్ని.

ఈ సంగతి బ్యాంకులో పనిచేసే మూర్తి అంకుల్ చెవిన పడింది. సెరంగూన్‌లో తాముండే కాండో అపార్ట్‌మెంట్ల హాల్లో తెలుగు కుటుంబాలను పోగుచేసి ఆంటీ చేత మాట్లాడించాలని ఆయన సరదా. మైకు పుచ్చుకుని పరిచయం మొదలుపెట్టారు. "వందల ఏళ్ళ కిందటే రష్యా వెళ్ళి జెండా పాతిన మన తెలుగు వర్తకుల గురించి..." జనం చప్పట్లు కొట్టేశారు. మన వాళ్ళు ఎక్కడికైనా ముందే చేరి ఉండాలి, అది మనకో ముచ్చట.

ఆంటీ మైకు అందుకున్నారు. "మూర్తిగారూ, మీరు కాస్త కూర్చోండి. ఆ వర్తకులు ఎక్కువమంది ముల్తాన్, సింధు వైపు వాళ్ళు. తెలుగువాళ్ళు ఉన్నట్టు నేనెక్కడా చూళ్ళేదండి."

"తామరలైనా మనవాళ్ళే తెచ్చారు కదండీ?" అని ఆయన బతిమాలినట్టు అడిగారు.

"అలా ఓ కథ ఉంది. కథని కథ అనే చెప్తాను. ఎవరు తెచ్చారో నాకు తెలీదు."

ముందు వరసలో కూర్చున్న ఓ పిల్ల చెయ్యెత్తి, సింగపూర్ ఇంగ్లీషులో అడిగింది. "సో ఆంటీ, ఫ్రమ్ అవర్ ప్లేస్ నోబడీ వెంట్ ఆ? యూ ఫస్ట్ లా!"

"నేనే ఫస్టో కాదో, అది కూడా తెలీదు కన్నా" అన్నారు ఆంటీ. హాలంతా నవ్వింది, మూర్తి అంకుల్‌తో సహా. నాకు మాత్రం నవ్వు రాలేదు. తెలీదనే మాటను తల వంచుకోకుండా చెప్పవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

ఎందుకంటే అప్పటికి నా చదువు మునిగే దశలో ఉంది. గోదావరి తీరం కోసుకుపోవడంలో నేల కుంగడం వాటా ఎంత, సముద్రం పెరగడం వాటా ఎంత, ఒండ్రు తగ్గడం వాటా ఎంత? నా లెక్కల్లో మూడూ కలగాపులగమై విడదీయడం నా వల్ల కాలేదు. మాస్టర్స్ పట్టా తీసుకుని బయటపడమని నా పిహెచ్‌డి కమిటీ మర్యాదగానే సూచించింది. చివరి అవకాశంగా ఇంకొక్క సమావేశం మిగిలింది. ఆ మాట చెప్పి ఆంటీ ముందు ఏడ్చేశాను.

ఆవిడ ఓదార్చలేదు. "కాస్పియన్ ఉందిగా! దాని మట్టం కొన్నేళ్ళు పెరుగుద్ది, కొన్నేళ్ళు దిగిపోద్ది. నేనున్న రోజుల్లో ఏటా పైకొచ్చేది, బెస్తవాళ్ళు గోల పెట్టేవోళ్ళు. ఇప్పుడు వెనక్కి పోతోందంట. సముద్రం అంత జోరుగా కదిలేచోట డెల్టా ఏం చేసిందో చూడు. నీ లెక్క మంచిదైతే అక్కడా పని చెయ్యాలి కదా!"

వోల్గా డెల్టా ఉపగ్రహ చిత్రాలు ముందేసుకుని కూర్చున్నాను. ఆంటీ పక్కన చేరి, "ఇది రెల్లు పొద, నేల అనుకునేవు, కింద నీళ్ళే" అంటూ వేలు పెట్టి చూపించేవారు. నెలల తరబడి కుస్తీ పడ్డాక, సముద్రం వాటా మాత్రం విడిగా తేలింది. మిగతా రెండూ ఇంకా ముడిపడే ఉన్నాయి.

సమావేశం రోజు లాప్‌టాప్ భుజాన వేసుకుని హడావిడిగా బయల్దేరుతుంటే, "కూర్చో" అన్నారు.

"ట్రైన్ పోతుంది ఆంటీ!"

"ఇంకోటొస్తది. ప్రయాణానికి ముందు రష్యాలో అందరూ ఓ నిమిషం మాట్లాడకుండా కూర్చుంటారు. మనం తుమ్మితే కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్తాం చూడు, వాళ్ళు తుమ్మకపోయినా కూర్చుంటారు. అంతే తేడా."

ఇద్దరం సోఫాలో పక్కపక్కన కూర్చున్నాం. అన్ని నెలల తర్వాత మొదటిసారి నా గుండె కుదుటపడింది.

కమిటీలో పెద్దాయన సూటిగా అడిగారు. ఈ లెక్క గోదావరికి కూడా నిలబడుతుందా? పాత నేనైతే నాలుగు పెద్ద మాటలు పేర్చి ఆ ఖాళీని కప్పేసేదాన్ని. ఆ రోజు, "తెలియదు. సముద్రం వాటా వరకు కాస్పియన్ దగ్గర నిలబడింది. అక్కడితో నాకు తెలిసింది అయిపోయింది. గోదావరి సంగతి చెప్పాలంటే ఇంకో ఏడాది కావాలి" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, ఆ ప్రాజెక్టులో తనకు నమ్మకం కలిగించిన మొదటి వాక్యం అదేనన్నారు. ఏడాది ఇచ్చారు. బయటికి రాగానే ఆంటీకి ఫోన్ చేశాను.

"ఏడాదా? బోలెడు. ఏడవకు. మకాన్ అయిందా?" అన్నారు. అన్నం తిన్నావా అని అడగడానికి సింగపూర్ ఆవిడకిచ్చిన మాట అది.

ఆంటీ ఇప్పుడు ఆకివీడులో చెల్లెలి పక్కింట్లో ఉంటున్నారు. చెరువుల రైతులకు సలహాలిస్తూ, ఫోన్ చేస్తే మాట్లాడే తీరిక లేదంటారు. నేను అదే యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నాను. అప్పుడప్పుడు ఏ విద్యార్థో నా గది గుమ్మంలో నిలబడి, తప్పు చేసినట్టు గొంతు తగ్గించి, "ప్రొఫెసర్, ఐ డోంట్ నో హౌ లా" అంటారు. నాకు ఎక్కడలేని సంతోషం కలుగుతుంది. లోపలికి పిలిచి, కుర్చీ లాగి వేసి, "మంచిది, ఎక్కడిదాకా తెలుసో చెప్పు" అంటాను.