నాన్నగారి అంబాసిడర్

స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన దయానందం ఇప్పుడు ఆటోనగర్ షెడ్డులో మెకానిక్ పని నేర్చుకుంటున్నాడు. చేతికి ఏ జిడ్డు అంటినా ముందు వాసన చూస్తాడు. పోర్టు దగ్గర టాక్సీ నడిపిన వాళ్ళ నాన్న అలవాటది. ఆయన వదిలి వెళ్ళిన అంబాసిడర్‌లో నిన్న భార్య ఫ్లోరెన్స్‌తో యారాడ కొండ దిగుతుంటే, బ్రేకు పెడల్ నేలకంటా పోయింది. హ్యాండ్‌బ్రేకు లాగి, మట్టిదిబ్బకు ఆనించి ఎలాగో ఆపాడు.

లాగించి ఇంటికి తెచ్చిన కారు కిందికి ఇవాళ పొద్దున్నే దూరాడు. వెనక ఎడమ టైరు లోపలివైపు తడిగా తగిలింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. బ్రేకాయిలే! డ్రమ్ము విప్పితే చక్రం సిలిండర్‌లో ఆయిల్‌ని ఆపే రబ్బరు చీలి కనిపించింది. ఎవరినీ అడక్కుండా తప్పు పట్టుకోవడం అతనికిదే మొదలు. రబ్బరూ, నూనెలో నానిన బ్రేకు షూలూ మార్చి, పైపుల్లో గాలి తియ్యడానికి ఫ్లోరెన్స్‌ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు.

"తొక్కీసి పట్టుకో. నాను సెప్పినదాకా వదిలీకు."

చక్రం దగ్గర విప్పిన మరలోంచి వచ్చే బుడగలు తగ్గి, చివరికి ఆయిల్ ఒక్కటే సన్నటి ధారగా వచ్చింది.

"పెడల్ గట్టిపడిందండీ!" అని అరిచింది ఫ్లోరెన్స్.

దయానందం చేతులు తుడుచుకుని, ఆమె దిగడానికి తలుపు తీశాడు. పెళ్ళయిన కొత్తలో మామగారు ఆమెకు డ్రైవింగ్ నేర్పింది ఆ సీట్లోనే. పిల్లలు పుట్టాక ఇవాళ్టిదాకా మళ్ళీ అందులో కూర్చోలేదు. ఇప్పుడు మాత్రం దిగలేదు.

"మీరటు ఎక్కండి. మావయ్యగారు నేర్పింది మరిసిపోయాననుకుంటన్నారేటి?"

దయానందం అటు తిరిగి వెళ్ళి, చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చున్నంత బుద్ధిగా కూర్చున్నాడు.